అమ్మాయికి ఇరవై ఒకటి నిండేలోగా గ్రీన్ కార్డు: ఈబీ-2 వరుసలో ఉన్నవారికి ఏయే దారులున్నాయి?

నిరీక్షణ_2016:

అందరికీ నమస్కారం. నేను 2012లో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద భార్యతోనూ, ఐదేళ్ల కూతురితోనూ అమెరికా వచ్చాను. మా కంపెనీ నా పేరున 2016 ఆగస్టు 22న లేబర్ దరఖాస్తు (ఈ పనికి అమెరికన్లు దొరకలేదని కార్మిక శాఖకు చూపే తొలి మెట్టు) వేసింది కనుక అదే నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు వరుసలో నా స్థానం చెప్పే తేదీ. ఈబీ-2 (ఉన్నత చదువు ఉన్న ఉద్యోగుల వర్గం) కింద, కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్ ఐ-140ని 2017 మార్చి 10న పంపారు, ఆగస్టు 10న ఆమోదం వచ్చింది. అప్పటినుంచి నెలనెలా, ఏ తేదీ దాకా వరుస వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ చూడటమే నా పని అయింది. 2025 చివరికి కూడా భారతదేశపు గడిలో ఈబీ-2 తేదీ 2013లోనే ఉంది.

ఇన్నేళ్ల ఆలస్యాన్ని ఓర్చుకున్నాం గాని, ఇకమీద ఓర్చుకుంటే కుదరని గడువు ఒకటి దగ్గర పడుతోంది. మా అమ్మాయి 2007 జూన్ 5న పుట్టింది. ఈ ఏడాదే కాలేజీలో చేరింది. దరఖాస్తు నింపుతూ ఒకచోట ఆగిపోయి, "నాన్నా, ఇక్కడ ఏది నొక్కాలి?" అని అడిగింది. చూస్తే పౌరులు, శాశ్వత నివాసులు, ఇతరులు అని మూడు గడులు ఉన్నాయి. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదువుకున్న పిల్ల "ఇతరులు" అన్న గడి నొక్కి, ఏమీ మాట్లాడకుండా తర్వాతి పేజీకి వెళ్లింది. 2028 జూన్‌లో ఇరవై ఒకటి నిండిన రోజున నా వీసా మీద ఆధారపడిన దాని హెచ్-4 హోదా ముగుస్తుంది.

నా సందేహాలు ఇవి. ఐ-140 పెండింగులో ఉన్న రోజులను పిల్లల వయసులోంచి తీసివేస్తారని విన్నాను, ఆ లెక్క ఎలా వేయాలి? మా అన్నయ్య 2023లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు, వాడు నా పేరున పిటిషన్ వేస్తే ఉపయోగం ఉంటుందా? ఈ వరుస కాకుండా మరే దారైనా మాకు ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

గోదావరి_గట్టు:

మీ ప్రశ్నలకు విడివిడిగా జవాబు చెప్పే ముందు ఈ వరుస ఎందుకు ఇంత నెమ్మదిగా కదులుతుందో ఒకసారి చూద్దాం. అది తెలిస్తే ఏ ఆశ పెట్టుకోవచ్చో, ఏది పెట్టుకోకూడదో మీకే తెలుస్తుంది.

ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులకు 1990 నాటి చట్టం ఏడాదికి 1,40,000 అని పరిమితి పెట్టింది. ఈబీ-1 (అసాధారణ ప్రతిభ వంటివి ఉన్నవారు), ఈబీ-2, ఈబీ-3 (నైపుణ్యం ఉన్న ఇతర ఉద్యోగులు) ఒక్కొక్కదానికి అందులో 28.6 శాతం, అంటే సుమారు 40,000 చొప్పున వస్తాయి. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నియమం దాని మీద ఉంది కనుక, భారతదేశంలో పుట్టినవారికి ఈబీ-2లో ఖాయంగా దక్కేవి ఏడాదికి దాదాపు 2,800 మాత్రమే. ఈ సంఖ్యలో ఉద్యోగితో పాటు భార్యాపిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. ముగ్గురున్న మీ కుటుంబం మూడు అంకెలు తీసుకుంటుంది. మిగతా దేశాలవారు వాడుకోకుండా మిగిల్చినవి వస్తేనే మన తేదీ నాలుగడుగులు వేస్తుంది.

అలా మిగిలిన సందర్భం ఒకటి మనందరికీ గుర్తుంది. కోవిడ్ కాలంలో కాన్సులేట్లు మూతపడి కుటుంబ వీసాలు వాడకుండా మిగిలిపోగా అవి మరుసటి ఏడాది ఉద్యోగ కోటాలోకి వచ్చాయి. 2021 ఆర్థిక సంవత్సరంలో ఆ కోటా సుమారు 2,62,000కు, 2022లో సుమారు 2,81,000కు పెరిగింది. 2022 వేసవిలో భారతీయుల ఈబీ-2 తేదీ 2014 డిసెంబరు 1 దాకా వచ్చింది. అదే ఏడాది డిసెంబరు బులెటిన్‌లో 2011 అక్టోబరు 8కి వెనక్కి పోయింది. ముందుకు జరిగిన తేదీ వెనక్కి రాదని ఎవరైనా మీతో అంటే నమ్మవద్దు.

చట్టం మారుతుందేమో అన్న ఆశ గురించి కూడా ఒక మాట. దేశాలవారీ పరిమితిని ఉద్యోగ కోటాలో ఎత్తివేసే బిల్లును 2019 జులైలో ప్రతినిధుల సభ భారీ మెజారిటీతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ కూడా తనదైన రూపంలో ఆమోదించింది. రెండు రూపాలకూ పొత్తు కుదరక అది చట్టం కాలేదు. సెనేట్ ఆమోదించిన రాత్రి మా ఇంట్లో పాయసం వండుకున్నాం కనుక ఈ విషయం నాకు బాగా గుర్తు. అటువంటి వార్తను నమ్ముకుని పిల్ల చదువును నిర్ణయించుకోకండి.

సర్వర్_రూమ్:

పిల్లల వయసు గురించి మీరు అంతగా కలవరపడనవసరం లేదని నా అభిప్రాయం. బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి గదా. గ్రీన్ కార్డు ఇచ్చే తేదీలు చెప్పే ఫైనల్ యాక్షన్ పట్టిక వెనకబడి ఉన్నా, దరఖాస్తు వేసే తేదీలు చెప్పే డేట్స్ ఫర్ ఫైలింగ్ పట్టికలో మన తేదీ వచ్చి, ఇమిగ్రేషన్ శాఖ ఆ నెల ఆ పట్టికను అంగీకరిస్తే ఐ-485, అంటే అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డు కోరే ఆఖరి దరఖాస్తు, వేయవచ్చు. ఆ రోజుతో పిల్ల వయసు స్థిరపడిపోతుంది. మా బావగారి కుటుంబానికి అలాగే జరిగింది.

కాగితాల_సంచి:

సర్వర్_రూమ్ గారూ, మీ బావగారి విషయంలో మీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది గాని, ఇప్పుడు ఆ నియమం లేదు. 2023 ఫిబ్రవరి 14 నుంచి ఇమిగ్రేషన్ శాఖ పిల్లల వయసు లెక్కకు డేట్స్ ఫర్ ఫైలింగ్ పట్టికను అంగీకరించింది. 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ పాత పద్ధతికే, అంటే ఫైనల్ యాక్షన్ పట్టికకే వెళ్లిపోయింది. ఆ తేదీకి ముందే దరఖాస్తు పెండింగులో ఉన్నవారికి వెనకటి వెసులుబాటు కొనసాగుతుంది. కొత్తగా వేసేవారికి కొనసాగదు. ఐ-485 వేయడానికి ఒక పట్టిక, వయసు లెక్కకు మరొక పట్టిక అయ్యాయి కనుక, దరఖాస్తు వేసిన తర్వాత కూడా పిల్ల వయసు పెరుగుతూ, ఫైనల్ యాక్షన్ తేదీ వచ్చేలోగా ఇరవై ఒకటి దాటిపోయే ప్రమాదం ఉంది. దీన్ని తెలియక చాలామంది నిశ్చింతగా ఉంటున్నారు. దయచేసి ఈ ఒక్క విషయం మీ స్నేహితులందరికీ చెప్పండి.

ఇక లెక్క. 2002 ఆగస్టు 6న వచ్చిన పిల్లల రక్షణ చట్టం, మనందరం సీఎస్‌పీఏ అని పిలిచేది, ఏమంటుందంటే: ఫైనల్ యాక్షన్ పట్టికలో మీ తేదీ వచ్చిన నెల మొదటి రోజున పిల్ల అసలు వయసు ఎంతో చూసి, అందులోంచి ఐ-140 పెండింగులో ఉన్న రోజులను తీసివేయాలి. మిగిలినది ఇరవై ఒకటికి లోపు ఉండాలి, పెళ్లి కాకూడదు. తేదీ వచ్చిన ఏడాదిలోపు గ్రీన్ కార్డు కోసం అడుగు వేయాలి. లేబర్ దశలో గడిచిన కాలం ఈ తీసివేతకు పనికిరాదు.

నిరీక్షణ గారూ, మీరిచ్చిన తేదీల ప్రకారం 2017 మార్చి 10 నుంచి ఆగస్టు 10 వరకు 153 రోజులు. మీ అమ్మాయికి 2028 జూన్ 5న ఇరవై ఒకటి నిండుతుంది. దానికి 153 రోజులు కలిపితే నవంబరు 5. బులెటిన్ నెల మొదటి రోజునే చూస్తారు కనుక, 2028 నవంబరు 1 నాటికి మీ 2016 ఆగస్టు తేదీ ఫైనల్ యాక్షన్‌లోకి వచ్చేయాలి. డిసెంబరు బులెటిన్‌లో వస్తే పిల్లకు వర్తించదు. ఇది మీ ఆశకు చివరి గట్టు.

అప్పట్లో అదనపు రుసుము కట్టి ప్రీమియం ప్రాసెసింగ్‌లో ఐ-140 త్వరగా తెప్పించుకున్నవారికి తీసివేయడానికి పది పదిహేను రోజులే మిగులుతాయి. మీకు మామూలు పద్ధతిలో ఐదు నెలలు పట్టడం వల్ల ఆ ఐదు నెలలు పిల్లకు కలిసివచ్చాయి. ఉద్యోగం మారే పక్షంలో కూడా ఇది గుర్తుంచుకోండి. కొత్త కంపెనీ కొత్త ఐ-140 వేస్తే ప్రయారిటీ డేట్ పాతదే నిలుస్తుంది. వయసు లెక్కకు మాత్రం ఏ ఐ-140 ఆధారంగా ఐ-485 వేస్తారో దాని రోజులే తీసుకుంటారు.

నిరీక్షణ_2016:

కాగితాల_సంచి గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇన్నేళ్లలో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. మీ మాట చదివాక ఇంకో భయం పట్టుకుంది. మా కంపెనీని మరొకరు కొంటున్నారన్న వార్త ఉంది. ఉద్యోగం పోతే ఐ-140 కూడా పోతుందా?

గోదావరి_గట్టు:

పోదు. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటితే, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, కంపెనీయే మూతపడినా, మోసం వంటి కారణం లేనంతవరకు మీ ప్రయారిటీ డేట్ మీదే. దాన్ని చూపించి మరో కంపెనీ ద్వారా హెచ్-1బీని ఆరేళ్లు దాటాక కూడా మూడేసి ఏళ్లు పొడిగించుకోవచ్చు. 2000 సంవత్సరపు చట్టం, 2017 జనవరిలో వచ్చిన నియమాలు కలిసి ఇచ్చిన రక్షణ ఇది. కానీ ఉద్యోగం పోయిన రోజునుంచి గరిష్ఠంగా 60 రోజుల్లో మరో హెచ్-1బీ పిటిషన్ పడాలి, లేదా హోదా మార్చుకోవాలి. గ్రీన్ కార్డు కోసం కొత్త కంపెనీ లేబర్ దరఖాస్తు మొదటినుంచీ మళ్లీ వేయాలి. ప్రివెయిలింగ్ వేజ్ (ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించే జీతం), ఉద్యోగ ప్రకటనలు, లేబర్, ఐ-140 అన్నీ కలిపి ఏడాదికి పైగా పడుతుంది కనుక చేరిన మొదటి నెలలోనే అడగండి. మొహమాటపడి రెండేళ్లు ఊరుకున్నవారిని ఎందరినో చూశాను.

నేను 2020 అక్టోబరులో ఈబీ-3 తేదీ ఈబీ-2ను దాటిపోయినప్పుడు డౌన్‌గ్రేడ్ చేసుకుని, అంటే ఈబీ-2 నుంచి ఈబీ-3కి మారి, ఐ-485 వేశాను. అటువంటి అవకాశం మళ్లీ వస్తే రెండు వారాల్లో అంతా సిద్ధం కావాలి. జనన పత్రాలు, వివాహ పత్రం, పాత ఐ-797లు (ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన రసీదు, ఆమోద నోటీసులు), వైద్య పరీక్ష అన్నీ కావాలి. 2024 డిసెంబరు నుంచి ఐ-693 వైద్య పత్రాన్ని ఐ-485తో పాటే జతచేయాలి గనుక డాక్టరు అపాయింట్‌మెంట్ కూడా ఆ హడావిడిలో భాగమే.

కువైట్_బాబాయి:

నిరీక్షణ గారికి ఒక చిన్న ప్రశ్న. మీ శ్రీమతి గారు ఎక్కడ పుట్టారు?

వరుసను లెక్కించేది పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. భార్యాభర్తల్లో ఏ ఒక్కరు వేరే దేశంలో పుట్టినా, ఇద్దరూ ఆ దేశపు వరుసలో నిలబడవచ్చు. మా ఆవిడ పుట్టింది కువైట్‌లో. మా మామగారు అక్కడ డ్రైవరుగా చేసేవారు. ఆవిడకు ఏడాది నిండకముందే అందరూ కడప తిరిగి వచ్చేశారు. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు దగ్గర కువైట్ అని స్పష్టంగా ఉన్నా, ఆరేళ్లపాటు మా అటార్నీ గాని మేము గాని దాన్ని గమనించలేదు. భారతదేశపు వరుసలో నేను ఆరేళ్లు వృథాగా నిలబడ్డాను. ఎవరో సహోద్యోగి మాటల్లో అడిగితే బయటపడింది. అప్పటినుంచి ఎవరు గ్రీన్ కార్డు మాట ఎత్తినా మొదట ఇదే అడుగుతున్నాను. గల్ఫ్‌లో పుట్టి ఇక్కడ ఉన్న మన పిల్లలు తక్కువేమీ కాదు. అయితే పిల్లలు పుట్టిన దేశం తల్లిదండ్రులకు పనికిరాదు, తల్లిదండ్రులది పిల్లలకు వర్తిస్తుంది.

నిరీక్షణ_2016:

మా ఆవిడ పుట్టింది గుంటూరులోనే బాబాయి గారూ. మీరు అడిగినందుకు మాత్రం నిజంగా సంతోషం.

తొమ్మిదో_ప్రమాణం:

ఉద్యోగ కోటాలోనే ఉన్న ఇతర దారుల గురించి చెబుతాను. ఈబీ-1లో అసాధారణ ప్రతిభ ఉన్నవారికిచ్చే ఈబీ-1ఏ కోసం కంపెనీ అవసరం లేదు, మనంతట మనమే వేసుకోవచ్చు. పది ప్రమాణాల్లో కనీసం మూడింటికి ఆధారాలు చూపాలి. అవి చూపినంత మాత్రాన సరిపోదు. మొత్తం మీద ఈ వ్యక్తి తన రంగంలో కొద్దిమంది అగ్రగణ్యులలో ఒకరా అన్నది అధికారి రెండో మెట్టులో నిర్ణయిస్తారు. నేను రెండుసార్లు వేశాను. మొదటిసారి మూడు ప్రమాణాలు ఒప్పుకున్నారు గాని రెండో మెట్టులో తిరస్కరించారు. రెండోసారి, నా పనిని వాడుకున్న ఇతర సంస్థల ఇంజనీర్లు స్వయంగా రాసిన ఉత్తరాలు, జీతం ఆధారాలు పెట్టి ఆమోదం పొందాను. పాత ఈబీ-2 ప్రయారిటీ డేట్ దీనికి కూడా వచ్చింది. భారతీయులకు ఈబీ-1లోనూ వరుస ఉన్నప్పటికీ అది ఈబీ-2 కంటే చాలా ముందున్నది కనుక, మీ 2016 తేదీతో ఈబీ-1 ఆమోదం వస్తే అప్పటికప్పుడే ఐ-485 వేయగలిగే స్థితిలో ఉంటారు. మీ అమ్మాయి సమస్యకు సూటిగా పరిష్కారం చూపగల ఉద్యోగ దారి నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. డబ్బు తీసుకుని అవార్డులు, పత్రికా వ్యాసాలు, న్యాయనిర్ణేత హోదాలు ఏర్పాటు చేస్తామనే మధ్యవర్తులు మన తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నారు. నాకూ ఒకరు ఫోన్ చేసి, ఆరు నెలల్లో "ప్రొఫైల్ కట్టి ఇస్తాం" అన్నారు. పంపిన నమూనాలో నేను ఏనాడూ రాయని వ్యాసానికి నా పేరు పెట్టి ఉంది. అటువంటి కాగితం ఒక్కటి ఫైల్లో ఉన్నా, తప్పుడు సమాచారం ఇచ్చారన్న ముద్ర జీవితాంతం వెంటాడుతుంది, పిల్లల దరఖాస్తులనూ దెబ్బతీస్తుంది. మీ పనికి నిజంగా బలం ఉంటేనే ఈ దారిలో వెళ్లండి.

దేశ ప్రయోజనం దృష్ట్యా లేబర్ షరతును మినహాయించే నేషనల్ ఇంటరెస్ట్ వెయివర్ అని మరొకటి ఉంది. 2016 నాటి ధనసర్ తీర్పు తర్వాత అది చాలామందికి అందుబాటులోకి వచ్చింది, దానికీ కంపెనీ అక్కర్లేదు. అది మాత్రం ఈబీ-2లోనే భాగం కనుక భారతీయులకు వరుస మారదు. మీకు దాని వల్ల ప్రయోజనం కనిపించదు.

సర్వర్_రూమ్:

నా పొరపాటును సరిదిద్దినందుకు కాగితాల_సంచి గారికి ధన్యవాదాలు. మా బావగారితో మాట్లాడాను. వారు 2024లోనే దరఖాస్తు వేశారట, అందుకే పాత నియమం వర్తించింది. పెట్టుబడి పెట్టి గ్రీన్ కార్డు పొందే ఈబీ-5 గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. ఊళ్లో పొలం అమ్మి వేసినవారు ఒకరిద్దరు నాకు తెలుసు.

గోదావరి_గట్టు:

2022 మార్చిలో వచ్చిన సంస్కరణ చట్టం ప్రకారం, గ్రామీణ ప్రాంతం లేదా నిరుద్యోగం ఎక్కువున్న ప్రాంతంలోని ప్రాజెక్టులో అయితే 8,00,000 డాలర్లు, మిగతాచోట్ల 10,50,000 డాలర్లు పెట్టాలి. పది ఉద్యోగాలు పుట్టాలి. గ్రామీణ ప్రాజెక్టులకు విడిగా 20 శాతం వీసాలు కేటాయించారు. ఆ విభాగంలో తేదీ తెరిచి ఉన్నంతకాలం, ఇక్కడే ఉన్నవారు పిటిషన్‌తో పాటే ఐ-485 వేసుకోవచ్చు.

అయితే పొలం అమ్మినవారికి వచ్చే చిక్కు వేరే ఉంది. ప్రతి డాలరూ ఎక్కడినుంచి వచ్చిందో కాగితం మీద చూపాలి. మన దగ్గర దస్తావేజులో రాసే విలువకూ, చేతికి వచ్చే డబ్బుకూ ఎంత తేడా ఉంటుందో అందరికీ తెలుసు. దస్తావేజులో ఉన్నదే లెక్కకు వస్తుంది, మిగిలినది ఎంతున్నా చూపలేరు. పైగా భారతదేశం నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్లకు మించి పంపడానికి వీల్లేదు. అన్నిటికీ మించి, ఆ పెట్టుబడి తిరిగి వస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వకూడదు. ఇస్తే అది ఈబీ-5 కిందికే రాదు. తాతల నాటి పొలాన్ని అంత నష్టభయంలో పెట్టమని నేనెవరికీ చెప్పలేను.

కాగితాల_సంచి:

అన్నయ్య పిటిషన్ గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. పౌరుల తోబుట్టువులు ఎఫ్-4 వర్గంలోకి వస్తారు. ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 మాత్రమే. భారతీయులకు ఇప్పుడు 2006 ప్రాంతంలో వేసిన పిటిషన్లు పరిశీలనకు వస్తున్నాయి, అంటే దాదాపు ఇరవై ఏళ్లు. ఈ తేదీ ఉద్యోగ కోటాకు మారదు, ఆ కోటా తేదీ దీనికి రాదు. అమ్మాయికి ఇది అక్కరకు రాదు. పిటిషన్ పదేళ్లు పెండింగులో ఉండి ఆ పదేళ్లు తీసివేసినా ఆమె వయసు ఇరవై ఒకటి దాటే ఉంటుంది. మీ దంపతులకు మాత్రం ఒక ఆసరాగా ఉంటుంది. ఎప్పుడైనా ఇండియా వెళ్లిపోవలసి వచ్చినా అది బతికే ఉంటుంది. రుసుము ఒక్కసారి కట్టేదే కనుక వేయమనే చెబుతాను. విజిటర్ వీసా మీద వచ్చిపోయే తోబుట్టువులైతే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో మీ పేరున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా అని అడుగుతారు, అవునని నిజం చెప్పాల్సిందే.

తల్లిదండ్రులకైతే ఈ వరుసలేమీ లేవు. ఇరవై ఒకటి నిండిన పౌరుల తల్లిదండ్రులకు, పౌరుల జీవిత భాగస్వామికి, ఇరవై ఒకటి లోపు పెళ్లికాని పిల్లలకు సంఖ్యా పరిమితి ఉండదు. అక్కడ అడ్డం వచ్చేది కాగితాలే. మా అమ్మ కోసం నేను పడ్డ శ్రమ చెబితే మీ అన్నయ్యకు ఉపయోగపడవచ్చు. నా జనన పత్రంలో అమ్మ పేరు "సుబ్బులు" అని ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా "వెంకట సుబ్బలక్ష్మి" అని ఉంది. ఇద్దరూ ఒకరే అని నమ్మించడానికి పదో తరగతి సర్టిఫికెట్, రేషన్ కార్డు, ఇద్దరు పెద్దల అఫిడవిట్లు పెట్టవలసి వచ్చింది. అమ్మకైతే జనన నమోదే లేదు. పంచాయతీ కార్యదర్శి పాత రిజిస్టరు తిరగేసి, ఆ ఏడాది పుటలు చెదలు తిన్నాయని నాకు చూపించి, నమోదు దొరకలేదని ధ్రువపత్రం రాసిచ్చారు. ఆ ధ్రువపత్రం, అమ్మ పుట్టుకను ఎరిగిన మా మేనమామ, పెద్దమ్మల అఫిడవిట్లు, ఈ మూడూ ముంబయి కాన్సులేట్‌లో సరిపోయాయి. ఇప్పటికిప్పుడు ఆలస్యపు నమోదుతో కొత్త జనన పత్రం తెచ్చుకున్నా, పుట్టిన ఏడాదిలోపు నమోదు కాలేదు కనుక ఇతర ఆధారాలు ఎలాగూ అడుగుతారు. ఆ అఫిడవిట్లు రాయగల పెద్దలు ఉండగానే రాయించుకోండి. మా పెద్దమ్మ సంతకం పెట్టిన నాలుగు నెలలకే కాలం చేశారు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

నేను సాధారణంగా ఇక్కడ రాయను. ఈ చర్చ చదివాక ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోయాను.

మావారు మూడేళ్ల క్రితం గుండెపోటుతో పోయారు. అప్పటికి ఐ-140 ఆమోదం వచ్చి నాలుగేళ్లయింది, ఐ-485 వేసే తేదీ రాలేదు. నా హెచ్-4 హోదా ఆయనతోనే పోయింది. కర్మలు కాకముందే, ఇక ఇండియా వెళ్లిపోవడమే అని అందరూ అన్నారు. పదకొండో రోజున వచ్చిన మావారి సహోద్యోగి ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, చట్టంలో 204(ఎల్) అని ఒక సెక్షన్ ఉందట, అటార్నీని అడగమని చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

2009 నుంచి ఉన్న ఆ సెక్షన్ ప్రకారం, ఉద్యోగి మరణించే సమయానికి భార్యాపిల్లలు అమెరికాలోనే నివసిస్తూ, ఆ తర్వాత కూడా ఇక్కడే నివాసం కొనసాగిస్తే, ఆయన పిటిషన్ మీద, ఆయన ప్రయారిటీ డేట్ మీద తమ గ్రీన్ కార్డు కోరవచ్చు. అధికారి విచక్షణకు లోబడి ఇచ్చేదే అయినా, ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఇక్కడ ఉండటానికి వేరే హోదా మాత్రం మనమే చూసుకోవాలి. నేను విద్యార్థి హోదాలోకి మారి, తర్వాత హెచ్-1బీ తెచ్చుకున్నాను. ఆయన తేదీతోనే నేనూ పిల్లలూ వరుసలో ఉన్నాం.

అందుకే ఇంట్లో ఇద్దరికీ కాగితాలు ఎక్కడున్నాయో తెలియాలి. ఐ-140 ఆమోద పత్రం ప్రతి కోసం నేను ఆయన ఆఫీసు చుట్టూ రెండు నెలలు తిరిగాను. చివరికి సమాచార హక్కు కింద ఇమిగ్రేషన్ శాఖకే దరఖాస్తు పెట్టుకుని తెప్పించుకున్నాను.

నిరీక్షణ_2016:

అమ్మా, మీరు రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను. ఈ రాత్రే అన్ని కాగితాలనూ ఒకచోట చేర్చి తనకు చూపిస్తున్నాను.

మంచుదేశం:

మీది సరిగ్గా మా పరిస్థితే. మేము 2019లో కెనడా వచ్చేశాం కనుక ఇక్కడి పద్ధతి చెబుతాను. ఇక్కడ పుట్టిన దేశాన్ని బట్టి వరుస లేదు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే శాశ్వత నివాస పద్ధతిలో వయసు, చదువు, ఇంగ్లీషు లేదా ఫ్రెంచి పరీక్ష, అనుభవం కలిపి పాయింట్లు ఇస్తారు. పిలుపు వచ్చాక 60 రోజుల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. ఇరవై రెండు లోపు వయసున్న, పెళ్లికాని పిల్లలు మీతో పాటు వస్తారు. పూర్తి దరఖాస్తు అందిన రోజున ఆ వయసు స్థిరపడుతుంది, తర్వాత ఎన్ని నెలలు పట్టినా మారదు. అమెరికాలో ఏళ్ల తరబడి పడ్డ ఆందోళనంతా నాకు ఆ ఒక్క నియమంతో తీరిపోయింది.

దాచకుండా చెప్పాలంటే, వయసు పాయింట్లు ముప్ఫై దాటినప్పటినుంచి తగ్గుతూ, నలభై ఐదుకు సున్నా అవుతాయి. 2025 మార్చి నుంచి ఉద్యోగ ఆఫరుకు అదనపు పాయింట్లు కూడా తీసేశారు. మీ శ్రీమతి వయసు మీకంటే తక్కువైతే ఆమెను ప్రధాన దరఖాస్తుదారుగా పెట్టి లెక్క వేసి చూడండి. మాకు అలాగే కుదిరింది. ఇక్కడ జీతం తగ్గింది, చలి గురించి చెప్పనవసరం లేదు. శాశ్వత నివాసం నిలబడాలంటే ప్రతి ఐదేళ్లలో 730 రోజులు ఇక్కడ ఉండాలి. మీరు అమెరికా విడిచి వచ్చినా మీ 2016 తేదీ చెరిగిపోదు, మళ్లీ ఎవరైనా యజమాని పిటిషన్ వేస్తే అది పనికి వస్తుంది.

గోదావరి_గట్టు:

అమ్మాయికి ఇరవై ఒకటి నిండితే ఏమిటన్నది కూడా చెప్పి ముగిస్తాను. సీఎస్‌పీఏ గ్రీన్ కార్డుకే గాని హెచ్-4కు వర్తించదు కనుక, లెక్క ఎలా తేలినా 2028 జూన్ 5కు ముందే ఎఫ్-1 విద్యార్థి హోదాకు దరఖాస్తు వేసి ఉంచాలి. చివరి నెల దాకా ఆగకండి. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి హోదాలోనే పని చేసే అనుమతి) పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగ్ చదువులకు అదనంగా ఇరవై నాలుగు నెలలు ఉంటాయి. మీకు గ్రీన్ కార్డు వచ్చాక, ఆమెకు పెళ్లి కాకుండా ఉంటే ఎఫ్-2బి (శాశ్వత నివాసుల పెళ్లికాని పెద్ద పిల్లల వర్గం) కింద మీరు పిటిషన్ వేయవచ్చు, అదీ ఏళ్లు పట్టేదే. ఎవరైనా పౌరుడితో పెళ్లి చేసేస్తే పోతుందని సలహా ఇచ్చే బంధువులు తప్పకుండా వస్తారు. కాగితం కోసం చేసిన పెళ్లి అని తేలితే ఇక ఏ పిటిషనూ ఆమెకు ఎప్పటికీ ఆమోదం కాదు. ఆ మాటను ఇంట్లోకి రానివ్వకండి.

నిరీక్షణ_2016:

పది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. అన్నయ్య నా పేరున తోబుట్టువుల పిటిషన్, ఐ-130, ఆన్‌లైన్‌లో వేశాడు. మా ఆవిడ ఇంగ్లీషు పరీక్షకు పేరు నమోదు చేసుకుంది. తను నాకంటే ఆరేళ్లు చిన్న, ఇద్దరం కూర్చుని కెనడా పాయింట్ల లెక్క వేస్తే తనే ముందు నిలిచింది. నా పనికి ఈబీ-1 బలం ఉందో లేదో చూడమని ఒక అటార్నీకి ఇచ్చాను. ఆమె నిజాయితీగా, ఇప్పటికి లేదన్నారు. ఎఫ్-1 దరఖాస్తుకు 2028 జనవరి అని క్యాలెండర్లో రాసుకున్నాం.

కాగితాలన్నీ సర్దుతుంటే ఐ-140 రసీదు నోటీసు దొరికింది. కాగితాల_సంచి గారూ, ఒక్కసారి చూడండి. మార్చి 10 అన్నది మా అటార్నీ పోస్టు చేసిన తేదీ. నోటీసులో అందిన తేదీ మార్చి 14 అని ఉంది.

కాగితాల_సంచి:

అందిన తేదీయే లెక్క. మార్చి 14 నుంచి ఆగస్టు 10 వరకు 149 రోజులు. 2028 నవంబరు 1న మీ అమ్మాయి వయసు ఇరవై ఒక్క ఏళ్ల 149 రోజులు. తీసివేస్తే సరిగ్గా ఇరవై ఒకటి. చట్టం ఇరవై ఒకటికి లోపు ఉండాలంటుంది. నవంబరు బులెటిన్ మీకు పనికిరాదు, అక్టోబరుదే చివరిది. మీ క్యాలెండర్లో ఆ ఆఖరి గడువును నవంబరు నుంచి అక్టోబరుకు మార్చుకోండి, రసీదు నోటీసు ఫోటో తీసి అమ్మాయికి కూడా పంపించండి.

నిరీక్షణ_2016:

మార్చాను. అమ్మాయి క్యాలెండర్లో తన చేత్తోనే రాసింది.